ఎవరూ చెడగొట్టలేని పేరు

మార్కాపురంలో పలకల గోదాములున్న వీధిలో గిద్యోను అందరికీ తెలుసు. కాకపోతే అతన్ని గిద్యోను అని పిలిచేవాళ్లు మాత్రం లేరు. పలకల పెట్టెలు ఊరూరా దుకాణాలకు చేరవేసే ట్రాలీ ఆటో నడుపుతాడు కాబట్టి కొందరు 'ట్రాలీ' అంటారు. గోదాము యజమాని కోటేశ్వరరావు శెట్టి 'గిద్దూ' అంటాడు. కనిగిరిలో ఒక పుస్తకాల దుకాణమాయన ఎనిమిదేళ్లుగా 'విద్యా' అని పిలుస్తున్నాడు. మొదట్లో రెండు మూడు సార్లు దిద్ది చూశాడు గిద్యోను. ఆ తర్వాత ఓపిక పోయి విద్యా అన్నా పలకడం మొదలుపెట్టాడు.

పిలుపులతో పోతే బాగానే ఉండేది. కాగితాల దగ్గరే అతని బతుకు బుగ్గి అయింది. ఆధార్ కార్డులో అతను 'గిద్దోన్'. రేషన్ కార్డులో 'గిడ్డయ్య'. లైసెన్సులో 'గైడన్'. వీటన్నిటినీ తలదన్నింది ఐదో తరగతి సర్టిఫికెట్టు. అతను పుట్టింది అమ్మమ్మగారి ఊరైన గిద్దలూరులో. ఆ సర్టిఫికెట్టు రాసిన అయ్యవారు ఏ పరధ్యానంలో ఉన్నాడో ఏమో, పేరు అన్న గడిలో 'గిద్దలూరు' అనీ, పుట్టిన ఊరు అన్న గడిలో 'గిద్యోను' అనీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ముద్ర వేసి మరీ ఇచ్చాడు.

ఆటోను తన పేరు మీదికి మార్పించుకోవడానికి రవాణా ఆఫీసుకు వెళ్లినప్పుడు అక్కడి గుమాస్తా కాగితాలన్నీ బల్ల మీద పేకముక్కల్లా పరిచి చాలాసేపు చూశాడు.

"ఈ నలుగురినీ రేపు పిల్చుకోని రా," అన్నాడు.

"నలుగురూ నేనే సార్."

"నలుగురూ నువ్వే అయితే ఆ ముక్క స్టాంపు కాగితం మీద రాయించుకోని రాపో."

గిద్యోను ఒక వకీలు దగ్గరికి పోయి రాయించుకున్నాడు. గిద్దోన్, గిడ్డయ్య, గైడన్, గిద్దలూరు అను నలుగురు వ్యక్తులు వాస్తవంలో ఒకే వ్యక్తి అని అందులో చక్కగా ఉంది. ఇంటికొచ్చి చూసుకుంటే, కింద సంతకం చేయవలసిన చోట 'ఇట్లు, గిద్వాను' అని టైపు చేసి ఉంది. ఆ రోజు అతను అన్నం తినలేదు.

ఇలాంటి మనిషికి కూతురు పుట్టింది.

భార్య ఫెబీ మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. గిద్దలూరు దాటాక రోడ్డు పక్కనే ఉన్న చిన్న పల్లె అది. కాన్పు గిద్దలూరు ఆసుపత్రిలో అయింది. గిద్యోను దర్శిలో పెట్టెలు దింపుతుంటే కబురొచ్చింది. ఖాళీ ట్రాలీని గడగడలాడించుకుంటూ మధ్యాహ్నానికల్లా చేరుకున్నాడు. పిల్ల ఎర్రగా, ముడతలు ముడతలుగా, ఎవరి మీదో బాగా కోపం వచ్చినదానిలా ఉంది. చేతుల్లోకి తీసుకున్నాడో లేదో, కాగితాల అట్టతో నర్సు వచ్చింది.

"పాపకు పేరేమన్నా అనుకున్యారా? రాసుకోవాల."

గిద్యోను ఆ అట్టనూ, దాని మీది పెన్నునూ చూశాడు. పాము పడగ చూసినట్టనిపించింది. పిల్లను గుండెలకు గట్టిగా హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇప్పుడే వద్దు సిస్టరమ్మా. ఖాళీగా పెట్టు తల్లీ. నీకు దండం పెడతా."

"ఎందుకయ్యా అంత భయం? సంవత్సరం లోపల ఎప్పుడైనా రాయించుకోవచ్చులే," అని నవ్వుతూ వెళ్లిపోయింది ఆమె.

అప్పుడే, ఆ మంచం పక్కన నిలబడే గిద్యోను తన కూతురికి మాట ఇచ్చాడు. నీకు ఆస్తులు ఇవ్వలేను గానీ, ఎవరూ చెడగొట్టలేని పేరు ఒకటి మాత్రం ఇస్తాను అన్నాడు. ఎంత తిక్క గుమాస్తా రాసినా, ఎంత పళ్లు లేని నోరు పలికినా, ఎంత గోలలో విన్నా చెక్కు చెదరని పేరు. పిల్ల ఆవులించింది.

అత్తగారు ఎలీషబా దగ్గర పేరు సిద్ధంగానే ఉంది. ఆమె చర్చి సంఘంలో స్త్రీల కూడికలకు పెద్ద. బైబిలు లేఖనాల్లో ఆడవాళ్ల పేర్లన్నీ ఆమె నాలుక చివర ఉంటాయి.

"శారా," అంది ఆమె, ఇక మాట్లాడేదేముంది అన్నట్టు. "ఎంత గొప్ప తల్లి! శారా అని పెట్టండి."

గిద్యోను తోసేయలేదు. మార్కాపురం తిరిగొచ్చి తల్లి కోటమ్మకు చెప్పాడు. కోటమ్మకు ముందు పళ్లు నాలుగూ లేవు. 'శ' అనే అక్షరమంటే పళ్లున్న రోజుల్లోనే ఆమెకు పట్టింపు లేదు. మనవరాలి పేరు తెలిసిందన్న సంబరంలో కుళాయి దగ్గరికి పోయి నలుగురికీ చెప్పింది.

"వచ్చే నెల్లో మా ఇంటికి సారా వస్తాది!"

సాయంత్రానికి ఇద్దరు మనుషులు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. ఒకడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మా, వచ్చే నెల అన్నావంట. కొంచెం ముందే వచ్చే దారేమన్నా ఉందా?"

గిద్యోను ఆ రాత్రికి రాత్రే శారా పేరు కొట్టేశాడు. అయితే ఆ ఇద్దరి మూలంగా అతనికి ఒక దారి దొరికింది. పేరు పెట్టాక ఏడవడం ఎందుకు? పెట్టకముందే పరీక్ష పెడితే పోలా?

పరీక్షకు ముగ్గురిని ఎంచుకున్నాడు. పళ్లు లేని నోటికి తల్లి కోటమ్మ ఇంట్లోనే ఉంది. చెవికి శెట్టిగారు. కోటేశ్వరరావు శెట్టి ఫోనులో మాట్లాడేటప్పుడు ఆయన వెనక పలకలు కోసే మిషను రొద పెడుతూ ఉంటుంది, ఆయన ఆ రొదను మించి అరుస్తూ ఉంటాడు, అవతలివాళ్లు చెప్పింది వినే అలవాటు మొదటి నుంచీ లేదు. ఆయన చెవిలో పడి బతికిన పేరు లోకంలో ఎక్కడైనా బతుకుతుంది. ఇక రాతకు సాగర్. బస్టాండు ఎదురుగా ఇంటర్నెట్ సెంటరు నడిపే సాగర్ అప్లికేషన్లు టైపు చేస్తాడు. అతను మంచివాడే. అతని కంప్యూటరుతోనే చిక్కు, ఏ మాట కొట్టినా అది తనకు నచ్చిన మాటగా మార్చుకుంటుంది. స్క్రీను వైపు చూసే తీరిక సాగర్‌కు ఉండదు.

మొదట 'రూతు' పట్టుకుపోయాడు. రెండే అక్షరాలు, చెడగొట్టడానికి చోటే లేదనుకున్నాడు. సాగర్ టకటకా కొట్టి ప్రింటు తీసి చేతిలో పెట్టాడు. కాగితం మీద 'కుమారి రైతు' అని ఉంది.

"రైతు కాదు సాగరూ, రూతు."

సాగర్ కాగితం తీసుకుని చూసి కాసేపు ఆలోచించాడు. "అన్నా, నా మాటిని ఇట్లనే ఉంచు. పథకాలన్నీ పాపకే వస్తాయి."

తర్వాత 'ఎస్తేరు'. కోటమ్మ నోట్లో అది 'ఇస్తరి' అయింది. "ఇస్తరి నిద్ర లేసిందా? ఇస్తరికి నీళ్లు పోసినారా?" అని ఆమె వరసగా అని చూపిస్తుంటే, తన కూతురు పెళ్లిభోజనాల్లో ఆకులాగా పరుచుకుని కనిపించింది గిద్యోనుకు. 'హన్నా' అనుకున్నాడు. ఫోను చేసి, "శెట్టిగారూ, హన్నా అంటే ఎట్లుంటది?" అని అడిగాడు.

"ఏందీ? అన్నా?" మిషను రొదలోంచి శెట్టిగారి గొంతు వచ్చింది. "నీకు నేను అన్ననెప్పుడైనానురా? వరస మార్చి పిలిస్తే సెలవిస్తాననుకున్యావా? కంభం పెట్టెలు ఎక్కించు ముందు!"

'లేయా'ను ఇంట్లో గట్టిగా పిలిచి చూశాడు. అరుగు మీద కూర్చున్న పక్కింటి గంగయ్య ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. "లేస్తాండాలేబ్బా, దానికి కేకలెందుకు?" అని మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. 'నయోమి'ని కోటమ్మ ఎంత ముద్దుగా పలికినా 'నాయనమ్మ' అనే వినపడింది. ముప్పై రోజులైనా నిండని పిల్లను ఊరంతా నాయనమ్మా అని పిలవడం ఊహించుకుని ఆ పేరునూ కొట్టేశాడు.

ఇలా రెండు నెలలు గడిచాయి. ఆటోలో స్టీరింగు పక్కన ఒక పాత నోటుపుస్తకం చేరింది. రాసినవి, కొట్టేసినవి కలిపి అందులో నలభై పైన పేర్లున్నాయి. యర్రగొండపాలెం వెళ్లే దారిలో అడవి మొదలయ్యే చోట ఆటో ఆపి, చెట్లకేసి ఒక్కో పేరూ అరిచి ఎలా వినిపిస్తుందో చూసేవాడు. ఒకసారి అలా 'తామారూ, తామారూ' అని అరుస్తుంటే మేకలు కాసే ముసలాయన ఒకడు పొదల్లోంచి బయటికొచ్చి, "తప్పిపోయిందా నాయనా? నల్లదా, ఎర్రదా?" అని అడిగాడు. గిద్యోను "ఎర్రదే" అన్నాడు. పాపం ఆయన గంటసేపు ఇతనితో పాటు వెతికాడు.

ఈ సంగతులన్నీ గిద్యోను రోజూ ఫోనులో ఫెబీకి చెప్పేవాడు. ఆమె 'ఊ' కొట్టేది. మొదట్లో నవ్వేది కూడా. పోనుపోను ఆ 'ఊ' పొట్టిదయింది. ఒక శుక్రవారం అత్తగారింటికి వెళ్లినప్పుడు పిల్లను ఒళ్లో వేసుకుని కూర్చున్న ఫెబీ అతను నోటుపుస్తకం తెరవగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమయ్యా, ఒక మాట అడుగుతా. మీయమ్మను అడిగినావు. శెట్టిగారిని అడిగినావు. ఆ టైపు కొట్టే పిల్లోన్ని అడిగినావు. అడవిలో మేకలాయన్ని గూడా అడిగినావు. తొమ్మిది నెల్లు మోసినదాన్ని నన్నెందుకు అడగల్యా?"

గిద్యోను పుస్తకం మీది ఆమె చేతికేసి చూశాడు.

"పేరుకు దెబ్బ తగలకుండా చూస్తాండవు, సరే. పిల్ల మొకం ఎన్నిసార్లు చూసినావు? వచ్చినప్పుడల్లా ఆ పుస్తకంలోకే చూస్తావు."

అతను పుస్తకం మూసి పక్కన పెట్టాడు. పిల్ల వైపు చూశాడు. ఎరుపు తగ్గింది, ముడతలు పోయాయి, కళ్లు పెద్దవయ్యాయి. ఇవన్నీ ఎప్పుడు జరిగాయో అతనికి తెలియనే తెలియదు. సిగ్గేసింది.

"నువ్వే చెప్పు ఫెబీ. ఏం పెడదాం?"

ఫెబీకి అలక ఉందేగానీ పేరు మాత్రం లేదు. పిల్ల చెవులను, చెవి తమ్మెలను వేలితో సవరిస్తూ చాలాసేపు ఆలోచించింది. "పుట్టినప్పుడు కెంపు మాదిరి ఉన్నింది," అంది. "రూబీ అంటే?"

గిద్యోనుకు వెంటనే లేచి పరిగెత్తాలనిపించింది గానీ బుద్ధిగా కూర్చుని, రాత్రంతా పిల్లను తనే ఎత్తుకుని, మర్నాడు పొద్దున్నే మార్కాపురం చేరి పరీక్షలు పెట్టాడు. కోటమ్మ 'రూబీ' అంది. మళ్లీ అనమన్నాడు. మళ్లీ రూబీ అనే అంది. శెట్టిగారికి ఫోను చేసి ఏ సందర్భమూ లేకుండా "రూబీ" అన్నాడు. "రూబీ ఎవురురా? రూబీ అనే పేరుతో మనకు దుకాణం లేదే!" అని అరిచాడు ఆయన. రెండుసార్లు, తప్పు లేకుండా! సాగర్ దగ్గర ప్రింటు తీసుకునేటప్పుడు కళ్లు మూసుకున్నాడు. తెరిచి చూస్తే 'రూబీ' అని ఉంది. తెలుగులోనూ రూబీ, ఇంగ్లీషులోనూ రూబీ. గిద్యోను సాగర్‌ను కుర్చీతో సహా కావలించుకున్నాడు.

అత్తగారు కూడా ఒప్పుకుంది. లేఖనాల్లో విలువైన రాళ్ల ప్రస్తావన ఉందనీ, అందువల్ల తనకు అభ్యంతరం లేదనీ ఆమె తీర్పు. వచ్చే ఆదివారమే అత్తగారి ఊరి చర్చిలో బిడ్డను దేవునికి ప్రతిష్ఠ చేసి పేరు ప్రకటించడానికి ముహూర్తం కుదిరింది.

దానికి ముందు రోజు శనివారం శెట్టిగారు యర్రగొండపాలెం లోడు వేశాడు. గిద్యోను వెళ్లేసరికి దుకాణమాయన లేడు. ఆయన భార్య తలుపు తీసి వెనక గది చూపిస్తే పెట్టెలన్నీ అక్కడ పేర్చి వచ్చేశాడు. ఆదివారం తెల్లవారగానే ఆటో కడిగి, కొత్త చొక్కా వేసుకుని, ట్రాలీలో కుర్చీ వేసి కోటమ్మను దాని మీద కూర్చోబెట్టి బయల్దేరాడు. దారి పొడవునా కోటమ్మ గాలికి కొంగు ఎగురుతుంటే రూబీ, రూబీ అని సాధన చేస్తూనే ఉంది.

చర్చి నిండిపోయింది. పాస్టరు గారు డెబ్బై దాటిన పెద్దమనిషి. గొంతు గంభీరం. చెవులు మాత్రం కొంచెం మందం, అందుకని ఎవరు ఏం చెప్పినా మైకులోనే చెప్పమంటాడు. ఆ మైకు చర్చి పైకప్పు మీదున్న రెండు బూరలకు కలిపి ఉంటుంది. చర్చిలో దగ్గితే ఊరి చివర పొలంలో వినిపిస్తుంది.

గిద్యోను, ఫెబీ ముందుకు వచ్చి నిలబడ్డారు. ఆమె తెల్లచీర కట్టుకుంది. పిల్ల తెల్లగౌను లోంచి కాళ్లు తన్నుతోంది. పాస్టరు గారు పిల్లను చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పుడే గిద్యోను జేబులో ఫోను గిజగిజలాడింది.

పొద్దుటి నుంచి అది ఆరోసారి. పాట మోగకుండా నొక్కి పెట్టాడు గానీ, గుండె మీద ఆ వణుకును ఆపలేకపోయాడు. దాన్ని పూర్తిగా నోరు మూయించాలని మెల్లగా బయటికి తీశాడు. చేతులకు చెమట. ఎర్ర గుర్తు నొక్కబోయిన బొటనవేలు జారి పచ్చ గుర్తు మీద పడింది. అంతటితో ఆగినా బాగుండేది. శెట్టిగారి పేరు కనపడితే ఫోను చెవికి పెట్టుకోవడం ఎనిమిదేళ్ల అలవాటు. చెయ్యి తనంత తనే చెవి దగ్గరికి వెళ్లిపోయింది.

"గిద్దూ!" శెట్టిగారి అరుపు అతని చెవిలో పేలింది. "యర్రగొండపాలెం ఆయన సరుకు రాలేదంటాండాడు! పెట్టెలు దింపినావా లేదా?"

సరిగ్గా ఆ క్షణాన పాస్టరు గారు మైకును గిద్యోను నోటి దగ్గర పెట్టాడు.

"ఈ బిడ్డకు ఏ పేరు పెట్టదలచినారు?"

ఒక చెవిలో పాస్టరు గారు, ఇంకో చెవిలో శెట్టిగారు. గిద్యోను తల ఒకటే, నోరూ ఒకటే.

"దింపినా," అన్నాడు.

బూరల్లోంచి ఆ మాట ఊరంతా పాకింది. పాస్టరు గారు చెవి ముందుకు వంచాడు. "ఏమన్నావు నాయనా?"

"దింపినావా లేదా, సరింగా చెప్పరా!" అన్నాడు శెట్టిగారు.

"దింపినా! దింపినా!" అని ఇద్దరికీ వినపడేలా అరిచి, గిద్యోను ఫోను పెట్టేశాడు.

పాస్టరు గారి మొహం వెలిగింది. పిల్లను రెండు చేతులతో పైకెత్తాడు.

"డింపీనా!" అన్నాడు గంభీరంగా. "ప్రియులారా, ఈ చిన్నారి డింపీనా కొరకు ప్రార్థన చేసుకుందాం. అందరూ కళ్లు మూసుకోండి."

గిద్యోను మూసుకోలేదు. కాదు కాదని చేతులు ఊపాడు. చూసేవాళ్లు ఎవరూ లేరు. కళ్లు తెరిచి ఉన్నది అతనూ, ఫెబీ, పిల్ల మాత్రమే. ఫెబీ చూపు మీద చపాతీలు కాల్చవచ్చు. ప్రార్థన పొడవుగా సాగింది. డింపీనాకు ఆరోగ్యం, డింపీనాకు జ్ఞానం, డింపీనా ద్వారా కుటుంబానికి దీవెన అని పాస్టరు గారు పేరు పెట్టి పెట్టి అడుగుతున్నాడు. ఆ పేరు వినపడినప్పుడల్లా గిద్యోను కళ్లముందు యర్రగొండపాలెం వెనక గదిలో పలకల పెట్టె ఒకటి దిగుతోంది. చివర్లో సంఘమంతా ఒక్క గొంతుతో 'ఆమెన్' అంది. అందరికంటే గట్టిగా ఎలీషబా గొంతు వినిపించింది.

బయటికి రాగానే ఆడవాళ్లు పిల్ల చుట్టూ మూగారు.

"డింపీనా! ఎంత చక్కంగా ఉంది! యాడ దొరికింది ఈ పేరు?"

ఎలీషబాకు కూడా తెలియదు. కానీ లేఖనాల్లో ఒక పేరు తనకు తెలియదని నలుగురిలో ఒప్పుకునే మనిషి కాదు ఆమె. "ఉంది, ఉంది, అపొస్తలులు రాసిన పత్రికల్లో చివరాఖర్న వస్తాది," అంది తల పంకిస్తూ. "భక్తిగల ఆడమనిషి. అల్లుడు బాగా వెతికి పట్టినాడు." వెనక్కి తిరిగి అల్లుణ్ణి చూసి కళ్లు తుడుచుకుంది. కోటమ్మ అయితే దారి పొడవునా చేసిన సాధనంతా మరిచిపోయి, "దింపినా, దింపినా, నా బంగారు దింపినా!" అని పిల్ల బుగ్గలు పుణుకుతోంది. ఒక్క అక్షరం కూడా ఆమె నోట్లో వంకర పోలేదు.

గిద్యోను పాస్టరు గారిని గోడ పక్కకు తీసుకుపోయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని మొత్తం విన్నాడు. గడ్డం కదులుతుంటే కోపమేమో అనుకున్నాడు గిద్యోను. నవ్వు ఆపుకుంటున్నాడని తర్వాత తెలిసింది.

"గిద్యోనూ, ఒకటడుగుతా చెప్పు. ఆ పెట్టెలు నిజంగా దింపినావా?"

"దింపినానయ్యగారూ. వెనక గదిలో పేర్చి వచ్చినా."

"మరి దేవుని సన్నిధిలో నువ్వు అబద్ధమైతే ఆడలేదు గదా. నిజమే పలికినావు. నేను ఆమెన్ అన్నా, సంఘం ఆమెన్ అన్నది. నాకేం ఇబ్బంది లేదు. మార్చుకోవాలంటే వచ్చే ఆదివారం ఇంకో ప్రార్థన చేస్తా. అయితే ముందు పోయి ఆ తల్లిని అడిగి రా."

ఫెబీ ఆటో దగ్గర, ట్రాలీలోని కుర్చీ మీద కూర్చుని పిల్లకు పాలు పడుతోంది. గిద్యోను దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పయింది ఫెబీ. నువ్వు పెట్టిన పేరు. ముగ్గురి దగ్గరా నిలబడిన పేరు. నా నోరే చెడగొట్టింది. అందర్నీ పరీక్ష చేసినా గానీ నన్ను చేసుకోలేదు."

ఫెబీ తల ఎత్తలేదు. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని అతను ఇంకా కుంగిపోయాడు. వంగి చూస్తే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. కాన్పయ్యాక ఆమె అంతలా నవ్వడం అతను చూడలేదు. పాలు తాగుతున్న పిల్ల ఆ కుదుపుకు ఆగి, ఏమైందన్నట్టు తల్లి మొహం చూసింది.

"పాస్టరయ్య..." అని నవ్వు, "డింపీనాకు జ్ఞానమియ్యి ప్రభువా..." అని మళ్లీ నవ్వు. "నీ మొకం చూడాల్సింది! చేతులు అట్ల ఆడిస్తాంటే ట్రాఫిక్ పోలీసు మాదిరి..."

"మార్పిద్దాంలే. అయ్యగారు వచ్చేవారం చేస్తానన్యాడు."

ఆమె నవ్వు ఆపుకుని కళ్లు తుడుచుకుంది. పిల్ల వైపు చూసి, "డింపీనా," అని మెల్లగా అని చూసింది. ఇంకోసారి అంది.

"వద్దులే. రూబీ బాగుంది గానీ, రూబీ అని తలుచుకుంటే నాకు నవ్వు రాదు. దీన్ని ఎవురు పిలిచినా నాకు ఈ పొద్దు గుర్తొస్తాది. ఉండనీ."

"ఫెబీ, దానికి అర్థం ఏందో తెలుసు గదా?"

"తెలుసు. తొమ్మిది నెల్లు మోసి నేనూ దింపినా గదా!" అంది ఫెబీ. ఆ మాటకు ఆమెకే మళ్లీ నవ్వు ముంచుకొచ్చింది. ఈసారి గిద్యోను కూడా ఆగలేకపోయాడు. చర్చి మెట్ల మీద నిలబడిన జనం, బిడ్డకు పేరు పెట్టుకున్న ఆనందం అనుకున్నారు.

పెట్టెలు వెనక గదిలోనే దొరికాయని మధ్యాహ్నం శెట్టిగారు ఫోను చేశాడు. గిద్యోను ఆయనకు కూడా జరిగింది చెప్పాడు. ఆ రోజు సెలవు కాబట్టి మిషను రొద లేదు. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆయన అవతలి మాట చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత ఫోను ఆయన భార్య రామతులసమ్మకు ఇచ్చి ఇంకోసారి చెప్పమన్నాడు.

మొదట అనుకున్నదానికన్నా ఆలస్యంగా, ఫెబీ ఐదో నెలలో మార్కాపురం వచ్చేసింది. ఆ సంవత్సరంలోనే అత్తగారి ఊళ్లో ఒకటి, కంభం దగ్గర ఇంకొకటి డింపీనాలు పుట్టారని ఎలీషబా గర్వంగా చెప్పింది. రెండిళ్లవాళ్లూ ఆమెనే అర్థం అడిగారట. ఏం చెప్పిందో గిద్యోను అడగలేదు.

పిల్ల పాకడం మొదలుపెట్టిన రోజులవి. ఒక పొద్దున గిద్యోను వాకిట్లో కూర్చుని రాగిసంకటి తింటున్నాడు. ఫోను మోగింది. కనిగిరి లోడు సంగతి అడుగుతున్నాడు శెట్టిగారు.

"దింపినా శెట్టిగారూ. నిన్ననే దింపినా."

ఇంట్లోంచి అరచేతులు టపటపా నేలను కొట్టుకుంటున్న చప్పుడు వచ్చింది. పిల్ల గడప దాకా పాకి వచ్చి, గడప మీద పొట్ట ఆనించి, ఇవతలికి జారి, అతని లుంగీ పట్టుకుని లేచి నిలబడింది. వచ్చాను గదా, ఎందుకు పిలిచావన్నట్టు అతని మొహంలోకే చూసింది.

అతను సంకటి చేతిని లుంగీకి తుడుచుకున్నాడు.

"మళ్లీ చేస్తా శెట్టిగారూ," అన్నాడు. "మా పాప వచ్చినాది."